డిక్కీలో ఇరవై అయిదు లీటర్ల గాలి

కారుకు సబ్‌వూఫర్, అంటే దిగువ స్వరాలు (బేస్) మాత్రమే పలికే పెద్ద స్పీకరు, పెట్టించుకుందామని కార్ డెకార్ షాపుకు వెళితే మాటలన్నీ వాట్ల చుట్టూ తిరుగుతాయి. ఇది వెయ్యి వాట్లు, అది పద్దెనిమిది వందలు, ఇంకొంచెం వేసుకుంటే రెండు వేల వాట్లది ఇస్తాం అంటారు. లీటర్ల ఊసు ఎవరూ ఎత్తరు. ఈ స్పీకరుకు ఎన్ని లీటర్ల గాలి కావాలి, మీరు చూపిస్తున్న పెట్టెలో ఎన్ని లీటర్లు ఉన్నాయి అని అడిగితే కౌంటరు వెనుక మనిషి మనల్ని ఎగాదిగా చూస్తాడు. నేను చెప్పదలచుకున్నదంతా ఆ ప్రశ్న గురించే. చిన్న కారులో మంచి బేస్ వినాలంటే శ్రద్ధ పెట్టాల్సింది పెట్టె మీద. మన డిక్కీ మనమే టేపుతో కొలిచి, మన స్పీకరుతో వచ్చిన కాగితం మనమే చదివి చేయించుకున్న పెట్టె ముందు షాపులో వరసగా పేర్చిన రెడీమేడ్ పెట్టెలు నిలవవు. అందులోనూ సీల్డ్ పెట్టె, అంటే గొట్టం గానీ చీలిక గానీ లేకుండా అన్ని వైపులా మూసేసినది, మనలో ఎక్కువమందికి సరిపోతుంది.

ముందు వాట్ల బెడద వదిలించుకుందాం. ఆంప్లిఫయరు మీద 1800 అని ఎంత పెద్ద అక్షరాలతో అచ్చు వేసినా, వైర్లు బిగించే చోట ఉన్న ఫ్యూజు చూస్తే గుట్టు తెలిసిపోతుంది. అక్కడ 30 ఆంపియర్ల ఫ్యూజు ఒక్కటే ఉందనుకోండి. ఇంజను నడుస్తున్నప్పుడు కారు కరెంటు 13.8 వోల్టుల దగ్గర ఉంటుంది. రెండూ గుణిస్తే 414 వాట్లు. అది లోపలికి వెళ్లేది. అందులో కొంత వేడిగా పోతే, స్పీకరుకు నిలకడగా అందేది మూడు వందల పైచిలుకు. మిగిలిన పదిహేను వందలు అట్టపెట్టె మీదే ఉండిపోతాయి. ఆర్‌ఎంఎస్ (నిలకడగా ఇవ్వగల శక్తి) అని రాసి ఉన్న అంకె తప్ప మిగతావి చదవనక్కర్లేదు. స్విఫ్ట్ అంత కారులో ఒక పది అంగుళాల సబ్‌వూఫర్‌కు 250 ఆర్‌ఎంఎస్ వాట్లు పుష్కలం.

ఇక అసలు విషయం. స్పీకరును పెట్టె లేకుండా బల్ల మీద పెట్టి వాయిస్తే బేస్ దాదాపు వినిపించదు. కోను, అంటే స్పీకరు మధ్యలో కదిలే గిన్నె లాంటి భాగం, ముందుకు కదిలినప్పుడు ముందున్న గాలి నొక్కుకుంటుంది, అదే క్షణంలో వెనుక గాలి పలచబడుతుంది. 50 హెర్ట్జ్ స్వరానికి, అంటే సెకనుకు యాభై సార్లు ఊగేదానికి, తరంగం పొడవు దాదాపు ఏడు మీటర్లు. అంత పొడవైన తరంగానికి పది అంగుళాల స్పీకరు అడ్డే కాదు. ముందుది, వెనుకది సులువుగా కలిసిపోయి ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. కాబట్టి వెనుక శబ్దాన్ని బంధించడం పెట్టె చేసే మొదటి పని.

రెండో పని అంత తేలిగ్గా కనిపించదు. మూసిన పెట్టెలో గాలి స్ప్రింగులా ప్రవర్తిస్తుంది. కోను లోపలికి వస్తే బయటకు నెడుతుంది, బయటకు పోతే లోపలికి లాగుతుంది. ఒకప్పుడు ఈ స్ప్రింగును పెద్ద పెద్ద పెట్టెలు కట్టి వీలైనంత తప్పించుకోవాలని చూసేవారు. అమెరికాలో ఎడ్గర్ విల్చర్ దాన్ని తిరగేశాడు. కోనును పట్టి ఉంచే రబ్బరు, గుడ్డ భాగాలను మెత్తగా చేసి, స్ప్రింగు పనిని చాలావరకు గాలికే అప్పజెప్పాడు. 1954లో అకూస్టిక్ రీసెర్చ్ కంపెనీ తెచ్చిన ఏఆర్-1 స్పీకరు అలా పుట్టింది. గుడ్డ స్ప్రింగు కంటే గాలి స్ప్రింగు లాగినా నొక్కినా ఒకే తీరుగా పనిచేస్తుంది కాబట్టి చిన్న పెట్టెలో కూడా శుభ్రమైన బేస్ వచ్చింది. ఈనాడు మన డిక్కీలో పెట్టుకునే సీల్డ్ పెట్టె ఆ ఆలోచనకు వారసురాలే.

స్ప్రింగు అన్నాక అది ఎంత గట్టిగా ఉండాలన్న లెక్క వస్తుంది. ఆ లెక్కను ఒక కొలిక్కి తెచ్చినవారు ఇద్దరు. ఆస్ట్రేలియా ఇంజనీరు నెవిల్ థీల్ 1961లో పోర్టు, అంటే గాలి ఆడే గొట్టం లేదా చీలిక, ఉన్న పెట్టెల మీద ఒక పరిశోధన పత్రం రాశాడు. అది దాదాపు పదేళ్లు మరుగున ఉండి, 1971లో అమెరికాలో మళ్లీ అచ్చయ్యాక అందరి కంటా పడింది. సిడ్నీ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ స్మాల్ దాన్ని ముందుకు తీసుకెళ్లి, మూసిన పెట్టెలకు కూడా లెక్కలు కట్టాడు. ఏ మంచి స్పీకరుతోనైనా వచ్చే కాగితంలో ఉండే ఎఫ్‌ఎస్, క్యూటీఎస్, వీఏఎస్ అనే అంకెలు వీరిద్దరి పేరు మీదే చెలామణి అవుతున్నాయి. ఎఫ్‌ఎస్ అంటే స్పీకరు తనంత తాను ఊగే స్వరం. క్యూటీఎస్ అంటే ఆ ఊపుకు ఎంత కళ్లెం ఉందో చెప్పే అంకె. తక్కువైతే కళ్లెం గట్టిది. వీఏఎస్ అంటే ఆ స్పీకరు సొంత స్ప్రింగుకు సమానమైన బిగువు ఎన్ని లీటర్ల గాలికి ఉంటుందో చెప్పేది.

నా స్పీకరు కాగితంలో ఎఫ్‌ఎస్ 32 హెర్ట్జ్, క్యూటీఎస్ 0.5, వీఏఎస్ 32 లీటర్లు. లెక్క హైస్కూలు స్థాయిదే. వీఏఎస్‌ను పెట్టె లీటర్లతో భాగించి, ఒకటి కలిపి, వర్గమూలం తీసి, క్యూటీఎస్‌తో గుణించాలి. వచ్చేది పెట్టెలో బిగించాక కళ్లెం ఎంతో చెప్పే అంకె. అది 0.7 దగ్గర ఉంటే బేస్ సమంగా ఉంటుంది. ఒకటి దాటుతుంటే ఒక స్వరం దగ్గర ఉబ్బెత్తుగా లేచి, ప్రతి పాటలోనూ అదే "ధుమ్" వినిపిస్తుంది. అదే వర్గమూలంతో ఎఫ్‌ఎస్‌ను గుణిస్తే పెట్టెలో బిగించాక స్పీకరు ఊగే స్వరం వస్తుంది, దాని కింద బేస్ తగ్గిపోతూ పోతుంది. 32 లీటర్ల పెట్టె కడితే నాకు 0.707 వస్తుంది, స్వరం 45 హెర్ట్జ్ దగ్గర నిలుస్తుంది. 25 లీటర్లు కడితే 0.75, 48 హెర్ట్జ్. అంటే ఏడు లీటర్ల డిక్కీ మిగుల్చుకోవడానికి నేను చెల్లించేది మూడు హెర్ట్జ్. కళ్లు మూసుకుని చేసుకోదగ్గ బేరం. అదే 12 లీటర్లకు కుదిస్తే అంకె 0.96కు, స్వరం 61 హెర్ట్జ్‌కు ఎగబాకుతాయి. ఆ బేరం నష్టం. నాలుగు తీగల బేస్ గిటారులో అన్నిటికంటే లావు తీగ పలికేది 41 హెర్ట్జ్. ఎనభైల నాటి సినిమా పాటల్లో బేస్ గిటారు వరసలు ఇష్టపడేవారికి ఈ హెర్ట్జ్‌లు వట్టి అంకెలుగా మిగలవు.

ఈ మూడు అంకెలు ఇవ్వని స్పీకరును, ఎంత చవకైనా, కొనవద్దు. బట్టల కొలతలు ఇవ్వకుండా దర్జీ దగ్గరకు పోవడమే అవుతుంది.

48 హెర్ట్జ్ దగ్గర ఆగిపోతే 41 ఎలా వినిపిస్తుందని అడగవచ్చు. ఇక్కడ కారు మనకు చేసే ఉపకారం ఒకటుంది. అద్దాలు మూసిన కారు చిన్న గది. దాని పొడవు తరంగంలో సగం కంటే తక్కువయ్యే చోటు నుంచి కిందికి, తరంగం ఇక ఆ గదిలో పరుచుకోలేదు. మొత్తం గాలి ఒక్కసారిగా నొక్కుకుని వదులుతుంది. రెండున్నర మీటర్ల క్యాబిన్‌లో ఆ చోటు 70 హెర్ట్జ్ దగ్గర వస్తుంది. అక్కడి నుంచి దిగుతున్న కొద్దీ కారే శబ్దాన్ని పెంచుతుంది, సిద్ధాంతం ప్రకారం స్వరం సగమైన ప్రతిసారీ 12 డెసిబెల్స్ చొప్పున. తలుపులు, అద్దాలు, రేకు కొంత వదిలేస్తాయి కాబట్టి అంత పూర్తిగా రాదు. చిత్రమేమిటంటే సీల్డ్ పెట్టె తన స్వరం కింద పడిపోయేది కూడా సరిగ్గా 12 డెసిబెల్స్ చొప్పునే. పెట్టె వదిలేసిన చోట కారు అందుకుంటుంది. ఇంట్లో హాలులో అంతంతమాత్రంగా వినిపించే సీల్డ్ పెట్టె కారులో నిండుగా పలకడానికి కారణం ఇదే. పోర్టెడ్ పెట్టె తన స్వరం కింద 24 డెసిబెల్స్ చొప్పున జారిపోతుంది, కారు సాయం చేసినా నిలబడదు.

పోర్టు మీద నాకు శత్రుత్వం లేదు. సరిగ్గా కట్టిన పోర్టెడ్ పెట్టె తన స్వరం దగ్గర సీల్డ్ కంటే గట్టిగా పలుకుతుంది, అదీ తక్కువ కరెంటుతో. చిక్కంతా "సరిగ్గా" అన్న మాట దగ్గరే. 40 లీటర్ల పెట్టెను 35 హెర్ట్జ్‌కు శ్రుతి చేయాలంటే, నాలుగు అంగుళాల పీవీసీ గొట్టం 41 సెంటీమీటర్ల పొడవు ఉండాలి. చిన్న కారు డిక్కీలో పట్టే పెట్టెలో అంత గొట్టం నిటారుగా ఇమడదు; పైగా గొట్టమే మూడు, నాలుగు లీటర్లు తినేస్తుంది. అందుకని చాలా రెడీమేడ్ పెట్టెల్లో, గుండ్రటి బేస్ ట్యూబుల్లో జానెడు గొట్టం కూడా ఉండదు. అదే 40 లీటర్లకు అదే గొట్టాన్ని 15 సెంటీమీటర్లకు కోస్తే శ్రుతి 51 హెర్ట్జ్‌కు పోతుంది. అంటే కారు ఎలాగూ సాయం చేసే చోటే పెట్టె కూడా అరుస్తుంది, ఇంకా దిగువన ఎవరూ పలకరు. గొట్టాన్ని సన్నం చేసి లెక్క కుదిర్చితే గాలి వేగం పెరిగి బుసలు కొడుతుంది. శ్రుతి కింద స్వరాలు వచ్చినప్పుడు కోనును పట్టుకునే స్ప్రింగు ఉండదు కాబట్టి కోను వెనుక ఉండే తీగ చుట్ట (కాయిలు) కొట్టుకుని స్పీకరు పాడవుతుంది. పోర్టెడ్ పెట్టె అంగుళం తేడాను క్షమించదు. సీల్డ్ పెట్టెలో ఒక లీటరు అటూ ఇటూ అయితే చెవికి తెలియదు. ఇంట్లో చేయించుకునేవారికి ఇంతకంటే పెద్ద సిఫారసు ఏం కావాలి?

ఇక తయారీ. నాకు ఇష్టమైన భాగం ఇదే.

2018 స్విఫ్ట్ డిక్కీ 268 లీటర్లు. అందులో వెనుక సీటు వాలుకు ఆనుకుని కూర్చునేలా పెట్టె గీశాను. లోపలి కొలతలు: వెడల్పు 40 సెంటీమీటర్లు, ఎత్తు 30, లోతు పైన 18, కింద 28. సగటు లోతు 23 అనుకుంటే 27.6 లీటర్లు. స్పీకరు అయస్కాంతం, లోపల వేసే అడ్డబద్ద కలిసి రెండున్నర లీటర్లు తీసుకుంటాయి కాబట్టి మిగిలేది 25. బయట కొలతకు, లోపలి కొలతకు తేడా చెక్క మందమేనని అందరికీ తెలుసు. కోత పట్టీ రాసేటప్పుడు మాత్రం ఏ పలక ఏ పలకను కప్పుతుందో కాగితం మీద గీసుకోకపోతే చివరి పలక దగ్గర లెక్క తప్పుతుంది. ముందు పలక, వెనుక పలక నిండు కొలతకు, పక్కలు వాటి మధ్యకు. వాలు పలక అంచులను రంపం పళ్లెం వంచి ఏటవాలుగా కోయాలి.

చెక్క దగ్గర వడ్రంగి మేస్త్రీతో చిన్న వాదన తప్పలేదు.

"టేకు వేద్దాం సార్. టేకు అయితే శబ్దం బాగా పలుకుతుంది."

"పలకకూడదు మేస్త్రీ. పలకాల్సింది స్పీకరు ఒక్కటే."

ఆయన మాట వెనుక అనుభవం లేకపోలేదు. బొబ్బిలి వీణను పనస దుంగలో తొలిచేది అది మోగాలనే. తీగకు సొంతంగా గొంతు లేదు, కుండ మోగితేనే వినిపిస్తుంది. స్పీకరుకు గొంతు ఉంది. దాని పెట్టె కూడా గొంతు కలిపితే అది మనం అడగని పాట. అందుకే బరువైన, మొద్దుగా ఉండే చెక్క కావాలి. 18 మిల్లీమీటర్ల ఎండీఎఫ్, అంటే చెక్క పీచును జిగురుతో నొక్కి చేసిన పలక, దానికి సరిపోతుంది. సముద్రం దగ్గర ఊళ్లలో, వాన నీరు డిక్కీలోకి కారే పాత కార్లలో ఎండీఎఫ్ తేమ పీల్చి ఉబ్బుతుంది. అక్కడ తేమను తట్టుకునే, ఐఎస్ 710 మార్కు ఉన్న ప్లైవుడ్ మేలు. ఈ రెండింటిలో ఏది బాగా వినిపిస్తుందన్న తగవు మీద పుటలకు పుటలు రాసేవారున్నారు. నాకు అందులో పస కనిపించలేదు. పన్నెండు మిల్లీమీటర్లా, పద్దెనిమిదా అన్నది మాత్రం నిజమైన తేడా. మందం ఒకటిన్నర రెట్లయితే పలక బిగువు మూడు రెట్లకు పైగా పెరుగుతుంది.

బిగువు అంత ఎందుకంటే, లోపల జరిగేది చూడండి. పది అంగుళాల కోను పది మిల్లీమీటర్లు కదిలితే మూడో వంతు లీటరు గాలిని నెడుతుంది. 25 లీటర్లలో అది దాదాపు 1.3 శాతం. వినడానికి తక్కువే. కానీ ఆ ఒత్తిడి 40, 30 సెంటీమీటర్ల వెనుక పలక మీద పడితే దాదాపు 23 కిలోల తోపు. 40 హెర్ట్జ్ పాటలో ఆ బరువు సెకనుకు నలభై సార్లు నెట్టి, నలభై సార్లు లాగుతుంది. పన్నెండు మిల్లీమీటర్ల చెక్క మీద అరచేయి ఆనిస్తే అది వణకడం చేతికే తెలుస్తుంది. అందుకే ముందు పలక రెండు పొరలు వేయించాను. ముందు నుంచి వెనుకకు, మధ్యలో కిటికీలా కోసిన అడ్డబద్ద ఒకటి పెట్టాం.

అతుకులకు ఫెవికాల్ ధారాళంగా పూసి, ఎండీఎఫ్ అంచు పగలకుండా ముందు సన్న రంధ్రం వేసి, ఆ తర్వాతే స్క్రూ బిగించాలి. స్క్రూ పని జిగురు ఆరేదాకా పట్టి ఉంచడమే, బలమంతా జిగురుది. లోపలి మూలలన్నిటికీ రంపపు పొట్టు కలిపిన ఫెవికాల్ ముద్దను వేలితో అద్దుకుంటూ పోతే సందులు మూసుకుంటాయి. స్పీకరు రంధ్రం జిగ్‌సాతో కోసేటప్పుడు గీత లోపలి వైపే నడిపించి, చివరి మిల్లీమీటరు ఉప్పు కాగితంతో అరగదీయడం మంచిది. స్పీకరు బిగించడానికి మామూలు చెక్క స్క్రూలు వద్దు. టీ నట్లు (చెక్కలో దిగగొట్టే లోహపు నట్లు) వేసి బోల్టులు బిగిస్తే ఎన్నిసార్లు విప్పినా మరలు పోవు. స్పీకరు అంచు కింద స్పాంజి టేపు, వైరు బయటకు వచ్చే చోట సిలికాన్. లోపల దిండ్లలో నింపే పాలిస్టర్ దూది వదులుగా సగం దాకా నింపాను. గాలి నొక్కుకున్నప్పుడు పుట్టే వేడిని ఆ పీచు పీల్చుకోవడం వల్ల పెట్టె ఉన్నదానికంటే కొంచెం పెద్దదిగా ప్రవర్తిస్తుంది. ఇంట్లో ఉంది కదా అని బూరుగు దూది వేయవద్దు, అది ఉండలు కట్టి అడుగున చేరుతుంది.

గాలి కారుతుందేమో చూడటానికి పరికరాలేవీ అక్కర్లేదు. కోనును రెండు అరచేతులతో సమంగా లోపలికి నొక్కి వదలండి. నింపాదిగా, బద్ధకంగా వెనక్కి వస్తే పెట్టె బిగుతుగా ఉన్నట్టు. టక్కున వచ్చేస్తే ఎక్కడో సందు ఉంది. ఎక్కడో తెలియాలంటే ఫోనులో 30 హెర్ట్జ్ స్వరం తక్కువ శబ్దంతో పెట్టి, వెలిగించిన అగరుబత్తిని అతుకుల వెంట నడిపించండి. పొగ నిటారుగా లేస్తున్నంత సేపు ఫరవాలేదు. ఒక చోట అది చిన్నగా దడదడలాడి పక్కకు తోసుకుపోతుంది. అక్కడ సిలికాన్ రాయాలి. ఎక్కువసార్లు దోషి చెక్క అతుకు కాదు, వెనుక బిగించిన ప్లాస్టిక్ టెర్మినల్ కప్పు. నాకు అసలు ఆ కప్పే వద్దనిపిస్తుంది. రెండు వైర్లకు రెండు సన్న రంధ్రాలు వేసి మూసేస్తే చాలు.

అన్నీ కలిపి పెట్టె పదిహేను కిలోలు తూగుతుంది. స్టెప్నీ తీయాలంటే ఎత్తి పక్కన పెట్టగలగాలి, గట్టి బ్రేకు వేసినప్పుడు మాత్రం అది సీటు మీదికి దూకకూడదు. కాబట్టి పెట్టెకు కొక్కేలు బిగించి, డిక్కీ నేలకున్న లోహపు పట్టీలకు బెల్టుతో కట్టాలి. ఆంప్లిఫయరును పెట్టె మీదే బిగించే అలవాటు మన దగ్గర బాగా ఉంది. ఆ వణుకుకు లోపలి టంకాలు వదులవుతాయి. రోహిణి కార్తెలో ఎండలో నిలిపిన కారులో దానికి గాలి ఆడే చోటు కూడా కావాలి. బ్యాటరీ నుంచి వచ్చే వైరుకు ఫ్యూజు బ్యాటరీకి జానెడు, మూరెడు లోపే ఉండాలి. ఈ ఒక్క విషయంలో రాజీ లేదు. ఫ్యూజు ఆంప్లిఫయరు దగ్గర ఒక్కటే పెట్టి వదిలేస్తే, మధ్యలో వైరు రేకుకు ఒరుసుకున్న రోజు కారు అంటుకుంటుంది. చవక వైర్లలో ఉండేది రాగి పూత పూసిన అల్యూమినియం. కొనే ముందు ఒక పోగు కత్తితో గీకి చూడండి, లోపల తెల్లగా ఉంటే అదే.

మొదటిసారి వాయించినప్పుడు వినిపించే గలగలను పెట్టె మీద తోయకండి. చాలాసార్లు అది నంబరు ప్లేటు. లేకపోతే డిక్కీ మీద పెట్టే అట్ట పలక. రెండు స్పాంజి ముక్కలతో సర్దుకుంటుంది.

ఇంత శ్రమ ఎందుకు, సీటు కింద పట్టే ఎనిమిది అంగుళాల యాక్టివ్ సబ్‌వూఫర్ (ఆంప్లిఫయరు లోపలే ఉన్నది) వేసుకుంటే పోలేదా అని మిత్రులు అంటారు. డిక్కీలో సీఎన్‌జీ సిలిండరు ఉన్నవారికి నిజంగా అదే దారి, ఆ చుట్టుపక్కల డ్రిల్లు మిషను కూడా తీయవద్దు. మిగిలినవారికి నా జవాబు లీటర్లే. సీటు కింద పట్టే పలచటి పెట్టెలో గాలి కొద్దిగానే ఉంటుంది. పైన చూసిన లెక్కలో లీటర్లు తగ్గితే స్వరం ఎక్కడికి పోతుందో అది ఏ కంపెనీకైనా వర్తిస్తుంది. లోపల ఎలక్ట్రానిక్ సర్దుబాటుతో కొంత పూడుస్తారు, దానికి కోను ఇంకా ఎక్కువ కదలాలి, ఎనిమిది అంగుళాల కోను ఎంతని కదులుతుంది? ఖర్చు కూడా నా పెట్టెకే అనుకూలం. అర షీటు ఎండీఎఫ్, మేస్త్రీ కూలి, కార్పెట్ గుడ్డ, స్క్రూలు కలిపి మూడు వేల లోపే అయింది.

రెండో అభ్యంతరం కొంచెం గట్టిది: సీల్డ్ పెట్టె అంత గట్టిగా మోగదు. ఒప్పుకుంటాను. నాలుగు వీధుల అవతలకు వినిపించాలంటే ఇది చాలదు. అలా వినిపించాలన్న కోరికే నాకు అర్థం కాదు. నివాస ప్రాంతాల్లో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 దాటకూడదని 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాలు చెబుతూనే ఉన్నాయి. అయినా సరే కావాలనుకునేవారిని ఆపలేను. వారు క్యూటీఎస్ 0.4 లోపు ఉన్న స్పీకరు చూసుకోవాలి. 40 లీటర్లు, నాలుగు అంగుళాల గొట్టం 41 సెంటీమీటర్లు వంచైనా సరే పట్టించాలి, మరీ దిగువ స్వరాలను ఆపేసే సబ్‌సోనిక్ ఫిల్టరు ఉన్న ఆంప్లిఫయరు కొనాలి. సంక్రాంతికి ఊరు వెళ్లేటప్పుడు సూట్‌కేసులు ఎక్కడ పెట్టాలో ఇంట్లో వాళ్లతో ముందే మాట్లాడుకోవాలి.